ఒక్క వాక్యం దక్కిన పిల్ల

ఆ రోజు కూడా సెగావా వాళ్ళింట్లో ఉడుకుతున్న అన్నం వాసనతోనే తెల్లవారింది. చిగుసా ఒక చేత్తో మిసో సూపు గిన్నెల్లో పోస్తూ, రెండో చేత్తో కోటు తొడుక్కుంటోంది. పళ్ళ డాక్టరు దగ్గర ఆమె ఉద్యోగం. భర్త కియోతకా మాత్రం బల్ల దగ్గర కూర్చుని, తన నవల గురించి పాఠకులు రాసిన మాటలు ఫోన్లో చదువుకుంటున్నాడు.

"విన్నావా? వోర్నా కోసం రైల్లో అందరి ముందూ ఏడ్చేసిందట ఒకమ్మాయి."

"ఏడిపించడంలో నీ తరవాతే ఎవరైనా. ముందు సూపు తాగు, చల్లారిపోతుంది."

వోర్నా అంటే పేరుమోసిన ఒక మాంగా బొమ్మల కథలో ఊళ్ళు తగలబెట్టే నిప్పుల రాణి. ఆ కథకు అనుబంధంగా ఒక నవల రాయమని ప్రచురణకర్తలు అడిగితే, కియోతకా ఆ రాక్షసి చిన్నతనం రాశాడు. ఎవరికీ అక్కర్లేని ఆకలి పిల్ల అంత క్రూరంగా ఎలా మారిందో రాశాడు. అన్నాళ్ళూ ఎవరికీ తెలియని రచయిత పేరు ఒక్కసారిగా అందరి నోళ్ళలో నానింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇద్దరూ మాటలు ఆపేశారు. పద్నాలుగేళ్ళ మినోరి ఆకులు రాలే కాలం నుంచీ బడికి వెళ్ళడం లేదు. రేనా అనే తోటి పిల్ల తరగతిలో అందరి ముందూ ఆమె జుట్టు కత్తిరించేసింది. అప్పటినుంచీ గది దాటి రావడమే అరుదు.

మినోరి నాన్న నవల తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చదివావా!" కియోతకా ముఖం వెలిగిపోయింది. "ఎలా ఉంది?"

"వోర్నా మరుగుదొడ్లో తలుపేసుకుని ఎండిపోయిన రొట్టె తింటుంది కదా. అది రేనాయే కదా నాన్నా?"

అతని చేతిలో తినే పుల్లలు ఆగిపోయాయి.

"రేనా వాళ్ళ నాయనమ్మ క్షమాపణ చెప్పడానికి వచ్చినప్పుడు నేను మెట్ల మీదే కూర్చున్నాను. ఆవిడకి టీ ఇచ్చావు. అయిపోతే మళ్ళీ పోశావు. వాళ్ళమ్మ ఎందుకు వదిలేసిపోయింది, పిల్ల ఏం తినేది, ఎక్కడ దాక్కునేది, అన్నీ గుచ్చి గుచ్చి అడిగావు."

"పేరు మార్చాను కదమ్మా..."

"పేరు సంగతి కాదు! నన్నెప్పుడైనా అడిగావా?"

"నీ మీద ఒత్తిడి పెట్టొద్దని నిన్ను చూసిన డాక్టరుగారు..."

"ఒత్తిడి పెట్టొద్దన్నారు. అడగొద్దన్నారా?"

"మినోరీ, నాన్నతో అలాగేనా మాట్లాడ్డం?" గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న చిగుసా అంది. ఆ మాటలో బలం లేదు.

మినోరి పుస్తకం తెరిచింది. "ఇందులో పిండిమర వాళ్ళమ్మాయి ఉంది. వోర్నా ఆ పిల్ల జుట్టుకి నిప్పంటిస్తుంది. ఆ పిల్లకి పేరు కూడా లేదు, ఒక్కటంటే ఒక్క వాక్యం. 'ఆ పిల్ల అరుపు వోర్నా గుండెను కోసేసింది.'" పుస్తకం మూసేసింది. "జుట్టు కాలింది ఆ పిల్లకి, నొప్పేమో వోర్నాకా?"

కియోతకా తల ఎత్తలేకపోయాడు. ఆ వాక్యం రాసిన రోజు ఎంత మురిసిపోయాడో గుర్తొచ్చింది. పరాయి పిల్ల బాధ టీ తాగుతూ వినగలిగాడు. కన్నకూతురి బాధ వింటే ఏం చెయ్యాలో తెలియక, ఆ గది ముందు నుంచి చప్పుడు కాకుండా నడిచి వెళ్ళిపోయేవాడు. దానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాడు.

"నువ్వు రాసింది అబద్ధం అనడం లేదు," అంది మినోరి. "చదువుతుంటే నాకూ జాలేసింది. ఏడ్చాను కూడా. నా జుట్టు కోసినదాని కోసం మా నాన్నే నన్ను ఏడిపించాడు."

ఫోన్ మోగింది. సంపాదకుడు. కియోతకా ఫోన్ ఆపేశాడు. చిగుసా బూట్లు విప్పేసి, ఈ పూట రాలేనని క్లినిక్‌కి చెప్పి, వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"తప్పు నాది తల్లీ. భయపడ్డాను," అన్నాడతను. "ఇప్పుడు చెప్తావా?"

"రాస్తావా?"

"రాయను. ఎప్పటికీ."

మినోరి పుస్తకాన్ని పక్కకి నెట్టేసింది.

"ఆ రోజు నేను అరవలేదు నాన్నా. చెవి పక్కనే కత్తెర చప్పుడు. అందరూ నవ్వుతున్నారు. ఆటే అన్నట్టు నేనూ నవ్వాను. ఏంటీ గోల అని మాస్టారొచ్చినా నవ్వుతూనే ఉన్నాను. ఇప్పుడు బడికెళ్ళి ఏమని చెప్పను? నువ్వూ నవ్వావుగా అంటారు."

చిగుసా చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కియోతకా లేచి వచ్చి కూతురి కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు. రాక్షసి మనసులోకి దూరి చూసినవాడికి, సొంత బిడ్డ నవ్విందన్న సంగతి తట్టనేలేదు.

"అది నవ్వు కాదమ్మా," అన్నాడు. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరచిపోయాడు. "అంత బరువు ఒక్కదానివే మోశావా? పక్క గదిలోనే ఉన్నాను కదమ్మా..."

మినోరి కుర్చీలోంచి జారి అతని భుజం మీద వాలిపోయింది. మొదట సన్నగా, తరవాత ఇల్లంతా వినిపించేలా ఏడ్చింది. చిగుసా ఇద్దరినీ కలిపి పట్టుకుంది.

కాసేపటికి మినోరి ముక్కు తుడుచుకుంది.

"ఇంకా ఉంది నాన్నా."

"చెప్పమ్మా," అన్నాడు కియోతకా, ఆమె చెయ్యి వదలకుండా.