పదకొండో రోజు లెక్క

నారాయణగూడలో స్కానింగ్ సెంటర్ మెట్లెక్కేటప్పుడు మా అత్తమ్మ సులోచన నా చెయ్యి వదల్లేదు. మార్చి పన్నెండు, పొద్దున పదకొండు గంటలు. మా ఆయన అనురాగ్ పోయి యాభై ఒక్క రోజులు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర లారీ తగిలింది. రెండు రోజులు దవాఖానలో తెలివి లేకుండా ఉండి, జనవరి ఇరవైన కన్నుమూశాడు. వాంతులు దుఃఖంతోనే అనుకున్నాను. నెల తప్పిన సంగతి కూడా నాకు పట్టలేదు.

డాక్టరమ్మ తెర మీద కొలిచింది. చిక్కుడుగింజంత ప్రాణం టపటపా కొట్టుకుంటోంది.

"ఏడు వారాల ఆరు రోజులు," అంది.

అత్తమ్మ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టింది. జనవరి పదహారు. అప్పటికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పోతూపోతూ కొడుకు తన గుర్తు వదిలిపోయాడని ఆమె నా నెత్తి ముద్దు పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ మెల్లగా సరిదిద్దింది. గర్భం వయసు ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తారట. కడుపు నిలిచేది దానికి రెండు వారాల తర్వాతట. అంటే జనవరి ముప్పై. మూడు నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చు, అంతకు మించి తేడా రాదంది.

జనవరి ముప్పై... ఆయన పదకొండో రోజు.

ఆ సాయంత్రం చుట్టాలంతా వెళ్ళిపోయారు. చిక్కడపల్లిలో మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. వెనక గదిలో ఏడుస్తూ పడుకున్నాను. దవాఖాన మందుల వాసన వచ్చింది. తడి బూడిద వాసన వచ్చింది. పక్కన చాప మీద ఎవరో ఒరిగారు. చల్లటి చెయ్యి నా కళ్ళు తుడిచింది.

"ఏడువకు, త్రివేణీ... నేనొచ్చిన."

ఆయన గొంతే. కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతాడని భయం. కలే అనుకుని గట్టిగా పట్టుకున్నాను... ఎవరికీ చెప్పలేదు.

అత్తమ్మ నన్ను ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. వెళ్ళగొడుతుందనే అనుకున్నాను. లోపలికి రాగానే ఆమె కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాను.

"నాకెరుకే, బిడ్డా," అంది. "తలుపు తీసింది నేనే."

ఆ సందెవేళ 'అమ్మా' అని మూడుసార్లు పిలిచాడట. తియ్యకూడదని తెలిసీ తీసిందట. కన్నపేగు ఆగలేదట. ఆయన తలవంచుకుని, ఆమె వైపు చూడకుండానే నా గదిలోకి వెళ్ళాడట.

నా ఏడుపు కట్టలు తెంచుకుంది. నిజంగానే వచ్చాడు. నా కోసమే వచ్చాడు. బిడ్డ ఆయనదే.

అత్తమ్మ మాత్రం నా కడుపు వైపు చూడలేకపోతోంది.

"ఇంకేంది, అత్తమ్మా?"

ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"వాడు ఒక్కడే రాలే, బిడ్డా. వాని వెనకనే ఇంకెవరో లోపలికొచ్చిన్రు..."

"ఎవరు?"

"మొఖం కానరాలే." ఆమె నా చెయ్యి వదిలేసింది. "పోయేటప్పుడు మాత్రం... వాడొక్కడే పోయిండు."