రెండు గదులు, రెండు బటన్లు

"పోవద్దంటే పోవద్దు," కూర గిన్నె దించుతూ కళ్యాణి నాలుగోసారి అంది.

"ఏంది నీ మొండితనం? ఆ ఆటల రెండు రౌండ్లు గెలిచిన. ఇంకొక్కటే. గిట్ల అడ్డం పడితే ఎట్ల?" బాలకృష్ణ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"పోనియ్యవే," అత్త నిర్మలాదేవి కల్పించుకుంది. "వాడేమన్న పేకాటకు పోతుండా?"

అసలు కారణం కళ్యాణి చెప్పే వీల్లేదు. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఆమె బీమా పాలసీలు అమ్మే ఏజెంట్. గూఢచారి సంస్థలో ఆమె అసలు బాస్ వెంకటేశ్వరరావుకు మాత్రం ఏజెంట్ నలభై ఒకటి.

ఆట చాలా సులువు. ఇద్దరు మనుషులు, రెండు గదులు. చెరో రెండు బటన్లు: సహకారం, పోటీ. ఇద్దరూ సహకరిస్తే చెరి మూడు పాయింట్లు. ఒకడు నమ్మి, రెండోవాడు పోటీకి దిగితే నమ్మినవాడికి సున్నా, దిగినవాడికి ఐదు. పరిశోధన పేరుతో పాల్వంచ కాలనీలో దీన్ని ఆడిస్తున్నది డాక్టర్ దీపిక. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మనిషిని కరిగించే నవ్వు. నిన్నటిదాకా మన ఏజెంటే. ఇప్పుడు జీతం విదేశీ ముఠాది.

థర్మల్ ప్లాంట్ భద్రతా వ్యవస్థ ఆగిపోవాలంటే ఇద్దరు ఆపరేటర్ల పాస్‌వర్డ్‌లు కావాలి. ఒకటి బాలకృష్ణది. రెండోది అతని షిఫ్ట్ జోడీ కోటేష్‌ది. దీపిక వెతుకుతున్నది తోటివాణ్ణి అమ్మేసే మనిషి కోసం.

రెండు రౌండ్లలోనూ బాలకృష్ణ ముక్కూమొహం తెలియనివాళ్ల మీద పోటీ బటనే నొక్కాడు.

మధ్యాహ్నం, మూడో రౌండ్. భద్రాచలం రోడ్డు పక్క అడవిలో గెస్ట్‌హౌస్. ఈసారి రెండో గదిలో కోటేష్. చున్నీతో మొహం చుట్టుకుని కళ్యాణి వరండా తుడుస్తోంది. బకెట్‌లో పిస్టల్. చెవిలో బాస్ గొంతు.

"ల్యాప్‌టాప్ ఆన్ అయింది. అవతలి సర్వర్ దొరికింది. మా టీమ్ రావడానికి రెండు నిమిషాలు. ఈలోపు అతను టైప్ చేస్తే షూట్."

"సార్, ఆయన నా..."

"తెలుసు."

తలుపు సందులోంచి భర్త వీపు కనిపిస్తోంది. కళ్యాణి గురిపెట్టింది.

"కోటేష్ పాస్‌వర్డ్ ఇచ్చేసి వెళ్లిపోయాడు," దీపిక అంది. "మీరు ఇవ్వకపోతే నేరమంతా మీ మీదకే వస్తుంది. ముప్పై సెకన్లు."

బాలకృష్ణ వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. కళ్యాణి వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

వేళ్లు ఆగాయి. అతను నవ్వాడు.

"కోటేష్ పోయిండా? పన్నెండేండ్ల సంది ఒకటే షిఫ్ట్ మేడం. తర్వాతి షిఫ్ట్ రిలీవర్ వచ్చి కూసునేదాక ఛాయ్‌కి గూడ లేవడు వాడు. నన్నిడిసి పోయిండంటే నమ్మాల్నా?"

ల్యాప్‌టాప్ ఠక్కున మూశాడు. దీపిక చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తుపాకీతో బయటికొచ్చింది. కళ్యాణి విసిరిన బకెట్ గాల్లో ఎగిరి ఆ చేతికే తగిలింది. టీమ్ లోపలికి దూకింది. పక్కగదిలో కోటేష్ ఇంకా గొడవ పెడుతున్నాడు: "బాలకృష్ణ పోయిండా? అబద్ధం!"

"మంచిగ కొట్టినవమ్మా," అన్నాడు బాలకృష్ణ, తుడిచే మనిషితో. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఆ బకెట్ కథే మూడోసారి నడుస్తోంది. అందరికీ పప్పు వడ్డించాక కళ్యాణి మెల్లగా అంది:

"నేను ఉద్యోగం మానేస్తున్నా."

అత్త ముద్ద ఆపింది. "ఎందుకే?"

"ఇంట్ల మనిషినే నమ్మలేనిదాన్ని, ఊరోళ్లకు ఏం భరోసా అమ్ముతా అత్తమ్మా?"