రాని కాలువకు పాతిన రాయి

అల్వాల్‌లోని ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ బాగానే కుదిరింది, మాటలే కుదరలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబ్ గేటు ముందు హారన్ కొడుతున్నా భానుప్రియ కదలలేదు.

"పెళ్లి ఇంక పదిరోజులే ఉంది నాన్నా. నన్ను గంపలో మండపానికి తేవాల్సింది మావయ్య. మీరు ఫోన్ చేసి పిలిస్తేనే నేను ఆ గంప ఎక్కేది."

"కొలిచిన గీత కొలిచినట్టు గీశాను. నా తప్పేటుంది?" అన్నాడు ఎల్లాజీ.

ముప్ఫై ఏళ్లు ఇరిగేషన్ సర్వేయరుగా చేసిన మనిషి. పాతికేళ్ల కిందట విజయనగరం పక్కన ఓ కాలువకు సర్వే చేసి, హద్దురాయిని సొంత బావమరిది పైడిబాబు జీడితోటలోనే పాతించాడు. ఎలాగూ పోయే తోటే కదా అని పైడిబాబు చెట్లన్నీ కొట్టించేశాడు. తీరా చూస్తే కాలువే రాలేదు. ముచ్చటగా మూడుసార్లు శంకుస్థాపన జరిగింది, గడ్డపార దిగింది కూడా ఆ మూడుసార్లే. మొన్న పేపర్లో పథకం రద్దయిందని నాలుగు లైన్లు వేశారు. అప్పటినుంచి ఎల్లాజీకి ముద్ద దిగడం లేదు.

అచ్చియమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "నా తమ్ముడు ఈ గుమ్మం తొక్కి పాతికేళ్లయింది. సర్కారే ఒద్దనుకున్న కాలవని మీరింకా మోస్తారేటి? ఏటి దాస్తన్నారు?"

ఎల్లాజీ కుర్చీలో కూలబడ్డాడు.

"గీత తోట పక్కన బంజర్లోంచే పోవాల్సింది. బావమరిది తోటని తప్పించేశాడని నలుగురూ అంటారని... నేనే లోపలికి జరిపేశాను."

భానుప్రియ మావయ్య నంబరు కలిపి సెల్‌ఫోన్ తండ్రి చేతికిచ్చింది. పాతికేళ్లుగా తన తప్పునే నిజాయితీ అని చెప్పుకు తిరిగిన మనిషి, సిగ్గుతో, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు.

"తెలుసు బావా," అన్నాడు పైడిబాబు. "ముందురోజు నువ్వు సున్నం గీత గీసింది బంజర్లో గాదేటి? తెల్లారేసరికి రాయి నా తోటలో ఉంది."

"మరి అప్పుడే అడగలేకపోయావా?"

"అడిగితే నీ ఉద్యోగం పోదేటి? మా అక్క పస్తులుండదా? నువ్వే సెప్తావని సూస్తన్నాను." అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "అవునుగానీ, గంప సికిందరాబాదులో దొరుకుతాదా, రైల్లో నన్నే తెమ్మంటావా?"

ఎల్లాజీకి కళ్లనీళ్లు ధారగా కారాయి. అచ్చియమ్మ ఫోన్ లాక్కుంది.

"పెద్ద గంపే తేరా తమ్ముడూ!" అంది ఏడుస్తూనే. "నువ్వు సూడని మేనకోడలు బాగా ఎదిగిపోనాది."