పేరు లేని ప్రోగ్రాం

మాది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. అదేదో పెద్ద విద్య అనుకునేరు! ఏ మిషన్ నత్తనడక నడుస్తున్నా మా ఆయన వైద్యం ఒకటే. టాస్క్ మేనేజర్ తెరుస్తాడు. లోపల నడిచే ప్రోగ్రాముల్లో ఏది ఎక్కువ మెమరీ తింటోందో చూస్తాడు. దానిమీద బాణం పెట్టి "ఎండ్ టాస్క్" నొక్కి మూసేస్తాడు. అదేమిటి, ఎందుకుంది అని ఆలోచించడు. "తిండిపోతుని గెంటేశా, పొండి" అని ఇకిలిస్తాడు.

మా నాలుగేళ్ల పాప కౌంటర్ మీద కూర్చుని అచ్చం అలాగే ఇకిలించేది. నేను తుమ్మితే తుమ్మేది. నడుం మీద చెయ్యేసుకుంటే తనూ వేసుకునేది. అందుకే దాన్ని కోతీ అని పిలిచేవాళ్లం.

ఆ సాయంత్రం మబ్బు పట్టి కొట్లో చీకటి కమ్మింది. తడిసిన దుమ్ము వాసన. ఎవరో పెద్దావిడ ఒక పాత కంప్యూటర్ తెచ్చి బల్లమీద పెట్టింది. "నేను మాత్రం ఇందులో దేన్నీ ముయ్యలేదమ్మా" అని గొణిగి, రసీదైనా అడక్కుండా వెళ్లిపోయింది.

టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే పేరు లేని ప్రోగ్రాములు మూడున్నాయి. వాటి పక్కన అంకెలు నెమ్మదిగా పెరుగుతున్నాయి... తగ్గుతున్నాయి... మళ్లీ పెరుగుతున్నాయి. గోడ అవతల టైలర్ తాత దగ్గినప్పుడల్లా పైదాని అంకె ఎగిరిపడుతోంది.

"భలే ఉందే!" అంటూ మా ఆయన దాన్ని నొక్కేశాడు.

దగ్గు మధ్యలో తెగిపోయింది. కుట్టుమిషన్ ఆగింది. పక్క కొట్లోకి పరిగెత్తిన మా ఆయన గోడ పట్టుకుని తిరిగొచ్చాడు.

"తాతకి... ఊపిరి లేదే."

నేను ప్లగ్గు వైపు చెయ్యి చాచాను. "వైరు పీకేద్దామండీ."

"పిచ్చా నీకు? మిగతా రెండూ ఒకేసారి పోతాయి. అవి ఎవరివో ఏమో..."

ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. కింది అంకె సున్నా అయింది. వదిలాడు. కదిలింది. నేనూ బుగ్గలు పూరించి బిగబట్టాను. రెండోది సున్నా. వదిలాను. కదిలింది.

సిగ్గు విడిచి చెబుతున్నా, నాకు సంతోషమేసింది. ఒకటి ఆయనది, ఒకటి నాది. నా బంగారుతల్లిది అందులో లేదు!

అంతలో తెర మధ్య అక్షరాలతో ఒక డబ్బా వచ్చింది. మెమరీ చాలడం లేదు. ఒకటి ముయ్యండి, లేకపోతే అన్నీ ఆగిపోతాయి. లోపల ఫ్యాను కీచుమంటోంది. వైరు కాలిన వాసన...

"నాది నొక్కండి," అన్నాను గుసగుసగా. "పాపకి మీరుంటారు."

వద్దే అని ఒక్కసారైనా అంటాడనుకున్నాను. అనలేదు. నొక్కేశాడు.

కళ్లు మూసుకున్నాను.

ఏం కాలేదు. గుండె కొట్టుకుంటోంది... ఊపిరి ఆడుతోంది... కళ్లు తెరిచాను.

పాప కౌంటర్ మీదే ఉంది. నేను ఇందాక పెట్టినట్టే బుగ్గలు పూరించి, పెదాలు బిగించి, నా వంకే చూస్తోంది. అప్పుడర్థమైంది. నేను ఊపిరి బిగబట్టినప్పుడు నన్ను చూసి అదీ బిగబట్టింది. ఆ రెండోది నాది కాదు.

"కోతీ... చాలమ్మా. ఆట చాలు. వదిలెయ్ తల్లీ..."

వదల్లేదు.

పాపని కాటికి సాగనంపి వచ్చాక చూస్తే ఆ మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపే దమ్ము ఆయనకి లేదు, ఆయన ఊపిరి అందులోనే ఉంది కదా. మూసేసిన ఆ రెండోది మాత్రం దానంతటదే తిరిగొచ్చింది. నేను ఊపిరి బిగబడితే అదీ ఆగుతుంది. వదిలితే కదులుతుంది. కోతిబుద్ధి ఎక్కడికి పోతుంది! రోజూ దాని ముందు కూర్చుని ఆడుకుంటాను.

నిన్న మాత్రం అది నాకంటే ముందు ఆగింది.

నాకు ఊపిరాడలేదు.