కెజియా పేరుతో కాదన్నదెవరు

"శుభ్రంగా ఊడ్చిపెట్టి పోయినారు కదండీ," అంది కెజియా ఫోన్‌లో. "పది నిమిషాల్లో రాకపోతే మీ షాపుకొచ్చి అందరి ముందరా అడుగుతా."

సూళ్లూరుపేట బస్టాండు వెనక ఆమె నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో నిన్ననే కొత్త కంప్యూటర్ పెట్టించింది. పులికాట్ పల్లెల వాళ్లు దరఖాస్తులన్నీ ఆమె చేతే పెట్టించుకుంటారు. వాళ్ల పాస్‌వర్డ్‌లు వాళ్లకూ గుర్తుండవు, ఆమెకూ గుర్తుండవు. అన్నీ పాత బ్రౌజర్‌లో సేవ్ అయి ఉండేవి. కొత్త దాంట్లోకి ఫోటోలొచ్చాయి, ఫైళ్లొచ్చాయి. పాస్‌వర్డ్ ఒక్కటీ రాలేదు. పాత దాన్ని అప్పుడే ఫార్మాట్ చేసేశారు.

చేపల వేట నిషేధం రోజుల్లో సర్కారు ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు. మొగుడి దరఖాస్తు సగంలో ఆగిపోయిన పోలేరమ్మ పొద్దుటి నుంచీ బెంచీ మీదే కూర్చుని ఉంది. కొత్త పాస్‌వర్డ్ పెడదామంటే ఓటీపీ రావాల్సిన ఫోను పోయిన వారమే పడవలోంచి నీళ్లలో పడిపోయింది.

చినుకుల్లో తడిసి, హెల్మెట్ చంకలో పెట్టుకుని టైటస్ వచ్చాడు. నిన్న కంప్యూటర్ బిగించింది అతనే.

"పాస్‌వర్డ్‌లు ఏమైనాయి?"

"నా దగ్గరే ఉండాయి."

కెజియాకు ఒళ్లు మండిపోయింది. "ఇంతమంది పాస్‌వర్డ్‌లు జేబులో వేసుకుని తిరగతా ఉండారా? ఎవరిచ్చినారు మీకా హక్కు?"

అతను టేపు వేసి అంటించిన కవరొకటి బల్ల మీద పెట్టాడు. "పెన్‌డ్రైవ్ ఇందులో ఉంది. ఎక్స్‌పోర్ట్ చేస్తే అన్నీ ఒకే ఫైల్లోకి వస్తాయి. తెరిస్తే ఎవరైనా చదవచ్చు. మీరు పక్కన లేకుండా తెరవగూడదని ఆగినా. మీరేమో నిన్న లోపలికి వస్తానే, అయిపోయింటే బయల్దేరండి అన్నారు."

అన్న మాట నిజమే. గూడూరు నుంచి బస్సులో నిలబడి వచ్చిన చిరాకులో అంది. నిజమైతే మాత్రం?

"నోరుంది కదా. ఒక మెసేజన్నా పెట్టొచ్చు కదా."

"మీకు ఇంకోసారి మెసేజ్ పెట్టేంత సిగ్గులేనోణ్ణి కాదండీ."

"ఇంకోసారేంది? మొదటిసారి ఎప్పుడు పెట్టినారు?"

టైటస్ కవరు చించి పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు గుచ్చాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లమన్నాడు, ఇంపోర్ట్ నొక్కమన్నాడు. ఆమె ఫైలు ఎంచుకోగానే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆ గోడ మీదేముంది?"

"ఏం లేదు. పాస్‌వర్డ్‌లు నా కంట పడగూడదని."

పోలేరమ్మ ఫక్కున నవ్వింది. కెజియాకూ నవ్వొచ్చింది గానీ మింగేసింది. కోపం ఇంకా తీరలేదు మరి.

ముందు పోలేరమ్మ దరఖాస్తు వెళ్లింది. రసీదు చేతికొచ్చినా ఆమె బెంచీ మీంచి లేవలేదు. టైటస్ పెన్‌డ్రైవ్‌లోని ఫైలు కూడా డిలీట్ చేయించాడు. అన్నీ వచ్చాయో లేదో చూద్దామని కెజియా జాబితా కిందికి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఈ పెళ్లిసంబంధాల సైటేంది? నేనెప్పుడూ తెరిచిందే లేదే."

యూజర్‌నేమ్ దగ్గర తండ్రి ఫోన్ నంబరుంది. అన్నం తెచ్చినప్పుడల్లా ఆయన పాత కంప్యూటర్ ముందు కాసేపు కూర్చునేవాడు. లోపలికి వెళ్తే తన క్రిస్మస్ ఫోటో. దాని కింద పదకొండు సంబంధాలు, అన్నింటికీ 'వద్దు'. మూడోది టైటస్‌ది. అతనికి మాత్రం ప్రత్యేకంగా రాసి ఉంది: 'స్క్రూలు తిప్పేవాళ్లు మాకొద్దు. ఇంకోసారి పంపకండి. కెజియా.'

ఆమె మొహం ఎర్రబడింది. "ఇది నేను రాయలేదు."

"ఇప్పుడర్థమైంది," అన్నాడు టైటస్ మెల్లగా. "రెండు నెలలుగా స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడల్లా ఇదే గుర్తొస్తా ఉండింది."

"మరి నిన్న ఎందుకు వచ్చినారు?"

"పోయినేడు మా అమ్మ పింఛను ఆగిపోతే మీరు ఇక్కణ్ణించే ఆఫీసరుకు ఫోన్ చేసి కొట్లాడినారు. నేను వెనకే నిలబడి ఉన్నా. ఆ రోజు నుంచి... తిట్టినా సరే, ఒకసారి చూసి పోదామనిపించింది."

అంతలో అన్నం క్యారియరుతో తండ్రి క్రీస్తుదాసు లోపలికి వచ్చాడు. ఆమె మానిటర్‌ను అతని వైపు తిప్పింది.

"ఏంది నాయనా ఇది?"

క్రీస్తుదాసు కళ్లజోడు సర్దుకున్నాడు. "నీ మంచికేనమ్మా. శ్రీహరికోటలో ఉద్యోగస్తుడెవరన్నా దొరికితే..."

"వెతుక్కో, ఎవరొద్దన్నారు? కాదని నా పేరు పెట్టి రాసేదేంది? ఒక మనిషిని నా నోటితో అవమానం చేసినావే, నన్నొక మాట అడిగినావా?"

క్రీస్తుదాసు స్క్రీన్ మీది ఫోటోను, ఎదురుగా ఉన్న మనిషిని మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత టైటస్ వైపు తిరిగి, "తప్పే అబ్బాయ్. అట్ల రాయగూడదు," అన్నాడు.

"పర్లేదు సార్."

"పర్లేదని మీరెట్లంటారు?" కెజియా ఈసారి టైటస్ మీదికి తిరిగింది. "రెండు నెలలు బాధపడి పర్లేదంటారేంది?"

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుని సైట్లో ఆ మెసేజ్ కిందే టకటకా కొట్టింది. టైటస్ జేబులో ఫోన్ మోగింది. తీసి చదువుకున్నాడు: 'అప్పుడు రాసింది నేను కాదు. ఆదివారం ఆరాధన అయినాక మీ అమ్మగారిని తోడుకుని ఇంటికి రండి.'

అతను తలెత్తేసరికి కెజియా కిటికీలోంచి వాన చూస్తోంది.

"వస్తామండీ," అన్నాడు.

క్రీస్తుదాసు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆదివారం కూరేం తెమ్మంటావమ్మా?"

"వచ్చేవాళ్లను అడుగు నాయనా. ఇకమీదన్నా అడగడం అలవాటు చేసుకో."

క్యారియరు బల్ల మీద పెట్టి, క్రీస్తుదాసు టైటస్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీ ఇంట్లో రొయ్యలు తింటారా అబ్బాయ్?" అని అడిగాడు.