కందకం గేటు

"గేటు మూసింది నువ్వేనా?"

నిచ్చెన మీదున్న ఎడ్విన్ ఉలిక్కిపడ్డాడు. ఎప్పుడో ఒక ప్రభువు చుట్టూ కందకం తవ్వించి కోటలా కట్టుకున్న లోగిలి అది. ఇప్పుడు ఒక బురుజు, మూడు మొండిగోడలు మిగిలాయి. వాటి సందులకు సున్నం పెట్టడానికి వచ్చాడతను. కింద బురద బూట్లతో నిలబడి అరుస్తున్నది బ్రయొనీ, పక్క పొలం రైతు కూతురు.

"అవునండీ. గొర్రెలు ఇటు వచ్చేస్తాయేమోనని..."

"రావాలనే తెరిచిపెట్టాం! నీళ్లు కందకంలోనే కదా ఉన్నాయి. రాత్రంతా దాహంతో ఒకటే అరుపులు. గేటు ఎలా ఉంటే అలా వదలాలని మీ అమ్మ చెప్పలేదూ?"

"చెప్పింది. గొర్రెల కంటే వాటి యజమాని గట్టిగా అరుస్తుందని చెప్పలేదు."

బ్రయొనీకి ఒళ్లు మండింది. నవ్వొచ్చినందుకు ఇంకా మండింది.

ఆ వేసవంతా గేటు చూసే వంకతో రోజూ వచ్చింది. ఫ్లాస్కులో టీ తెచ్చి, "ఇంట్లో మిగిలింది" అనేది.

"మిగిలిన టీలో చక్కెర సరిగ్గా నాకు కావలసినంతే పడుతోందే!" అనేవాడతను.

చలి ముదిరింది. మంచు కురిస్తే సున్నం పట్టదు, పని ఆపేస్తారు. ఎడ్విన్ ఇవాళే ఉత్తరాన ఏదో చర్చి లోపలి పనికి వెళ్లిపోతున్నాడని టోస్టు నములుతూ నాన్న చెప్పాడు.

బ్రయొనీ కెటిల్ పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మేత వేసిన గొర్రెలకే మళ్లీ వేసింది. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి.

"ఏమిటే, కాలుగాలిన పిల్లిలా? వెళ్లి చెప్పు," అన్నాడు నాన్న.

"ఏం చెప్పాలి?"

"నన్నడుగుతావేం? ఇన్నాళ్లూ టీ మిగిల్చింది నేనా?"

ఫ్లాస్కులో టీ నింపుకుని వానలో పరుగెత్తింది. వెనక నాన్న ట్రాక్టర్ కదిలిన చప్పుడు, ఆ వెంటనే దబదబా రాళ్లు దొర్లిన చప్పుడు.

గేటవతల వ్యాన్ ఇంజను ఆన్‌లో ఉంది. ఎడ్విన్ మాత్రం గేటు పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు.

"వెళ్తున్నావా?"

"వెళ్లాలి కదా." గడియ మీద చెయ్యి వేసి, "గేటు తెరిచి ఉంచనా, మూసెయ్యనా? మళ్లీ తిట్లు తినలేను" అన్నాడు.

"మూసెయ్."

అతని మొహం వాడిపోయింది. గేటు లాగబోయాడు.

"అట్నుంచి కాదు, ఎడ్విన్. ఇటొచ్చి మూసెయ్."

"మరి పని?"

"మా రాతిగోడ కూలింది. ఉత్త రాళ్లు పేర్చడమే, సున్నం అక్కర్లేదు, చలికాలమంతా కట్టొచ్చు."

"ఎప్పుడు కూలింది?"

"ఇప్పుడే. నాన్న ట్రాక్టర్‌తో గుద్దేశాడు."

ఎడ్విన్ వెళ్లి ఇంజను ఆపాడు. ఇటొచ్చి గేటు మూసి గడియ పెట్టాడు. తర్వాత ఫ్లాస్కు వైపు చూశాడు.

"మిగిలిందా?"

"లేదు," అంది బ్రయొనీ. "నీకోసమే పెట్టాను. రోజూ నీకోసమే పెట్టాను."