మూడో గదిలో దగ్గు

కోతుల మీద వైరస్ జబ్బులు పరీక్షించే ఆ ల్యాబులో మూడో గదికి మంచి పేరు లేదు. రాత్రి పది దాటితే లోపల ఎవరో దగ్గుతారట. కిందటేడు అక్కడే పోయిన ముసలి కోతి ఇంకా గది వదల్లేదని చెప్పుకునేవాళ్లు. ఆ దెబ్బకు ఇద్దరు ఆయాలు పని మానేశారు. తలుపు తీసి చూసిన మొనగాడు మాత్రం ఒక్కడూ లేడు.

కొత్తగా చేరిన ఆయాకి ఈ కబుర్లంటే నవ్వు. నాలుగు నెలల పాపను తన తల్లికి అప్పగించి రాత్రి డ్యూటీకి వచ్చే మనిషికి, దెయ్యాల గురించి ఆలోచించే తీరికెక్కడిది?

ఆ రాత్రి పది దాటాక రెండో గదిలో పని ముగించింది. వైరస్ ఎక్కించిన కోతులు ఉండేది అక్కడే; మూడో గదికీ దానికీ మధ్య అద్దాల గోడ. ఒంటినిండా సూటు వేసుకుని, దగ్గిన ప్రతిదానికీ చెంచాడు తియ్యటి మందు పట్టాలి. సూటు విప్పి, చేతులు కడుక్కుని, తర్వాతి విడత కోసం వరండా అల్మారాలోంచి కొత్త సీసా తీసింది...

ఖళ్... ఖళ్...

మూడో గదిలోంచి.

ఆమె సీసా పట్టుకుని అక్కడే ఆగిపోయింది. దెయ్యానికి భయపడి కాదు. ఆ గదిలోవి వైరస్ ఎక్కించని కోతులు — జబ్బువాటితో పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉంచినవి. అవి దగ్గకూడదు. దగ్గాయంటే... వైరస్ గోడ దాటిందన్నమాట. నిన్న తను మాస్కయినా లేకుండా ఆ గది కడిగింది. ఇంటికెళ్లి పాపను ముద్దులాడింది.

"దేవుడా... దెయ్యమే అయ్యుండాలి."

దెయ్యం ఉండాలని దేవుడికి మొక్కుకున్నది లోకంలో ఆమె ఒక్కతేనేమో.

ల్యాబు చూసుకునే డాక్టరమ్మకు ఫోన్ చేసింది. కొత్త సూటు వేసుకుని, ఫోను స్పీకర్లో పెట్టి, లోపలికెళ్లి జ్వరం చూడమంది ఆవిడ.

తలుపు కిర్రుమంది. లైటు వేసింది. పన్నెండు బోనులు... పదకొండు కోతులు ముడుచుకుని నిద్రపోతున్నాయి. పన్నెండోది, మొండితోక ఆడకోతి, కళ్లు మూసుకునే — ఖళ్!

థర్మామీటరు పెట్టి మూడుసార్లు చూసింది. జ్వరం లేదు. మరి...?

కోతి ఒక కన్ను మెల్లగా తెరిచింది. చూపు ఆయా మీద లేదు. కంగారులో ఆమె వెంట తెచ్చేసిన మందు సీసా మీద ఉంది. ఖళ్ అంటూ చువ్వల మధ్యనుంచి అరచెయ్యి చాపింది. అద్దాల గోడ అవతల దగ్గినవాటికల్లా తీపి దొరకడం ఎన్ని రాత్రులుగా చూస్తోందో!

సీసా వెనక దాచింది. దగ్గు ఆగింది. చూపించింది... ఖళ్, ఖళ్.

ఆయాకి ప్రాణం లేచొచ్చింది. పాపకేమీ కాదు. గోడకు చేరగిలబడి నవ్వుతూనే ఏడ్చేసింది. నీ దుంప తెగ అని తిట్టి, ముద్దొచ్చి ఒక చెంచా పట్టింది.

పక్క బోనులో నిద్ర లేచిన కోతి ఖళ్ మంది. ఆ పక్కన ఖళ్... ఖళ్...

"ఏమ్మా," ఫోనులో డాక్టరమ్మ కంగారుపడింది, "ఎన్నింటికి దగ్గు?"

ఆయా చువ్వల్లోంచి చాపిన చేతులు లెక్కపెట్టింది.

"పన్నెండింటికీనండీ... జ్వరం మాత్రం దేనికీ లేదు. చెంచాడు మందు మాత్రం అన్నింటికీ కావాలట."